మా మూసారాం

మా ఇంటికీ ఆ గుట్టకీ నడిస్తే పావుగంట దూరం. మలక్‌పేటలో కాపరం పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆ గుట్ట ఎన్నిసార్లు ఎక్కావమ్మా అని ఎవరైనా అడిగితే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నిరుటి దాకా ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కాలని బుద్ధి పుట్టించడానికి ఇంగ్లండులో ఒక పల్లెటూరు కావలసివచ్చింది.

మా అమ్మాయి రెండో పురుడికని వెళ్ళి అక్కడ ఆర్నెల్లు ఉన్నాను. పట్నం కాదు, పల్లె. ఒక్క వీధి, ఒక్క పోస్టాఫీసు, రెండు బస్సులు. పొద్దున అమ్మాయీ అల్లుడూ ఎవరి పనిలో వాళ్ళు పడ్డాక, పసివాణ్ణి తోపుడుబండిలో పడుకోబెట్టి ఊరంతా తిరిగేదాన్ని. తిరగడానికి ఉన్నదల్లా చర్చి ఒక్కటే. నల్లబడ్డ రాతి గోడలు, చుట్టూ పచ్చగడ్డి, ఆ గడ్డిలో తాగినవాళ్ళలా తలో పక్కకీ ఒరిగిపోయిన సమాధిరాళ్ళు. నాచు పట్టి కొన్నిటి మీద అక్షరాలే కనబడవు. మన ఊళ్ళో శివాలయం వెనక మండపం ఎలా ఉంటుందో అలాగే ఉంది. వాన వాసన కూడా అదే.

ఆ చర్చి గేటు పక్కన ఒక రాతి సిలువ. దాని పీఠం మీద వరసగా పేర్లు. పైన 1914–1918 అని ఉంది. మొదట్లో పట్టించుకోలేదు. రోజూ అక్కడే బండి ఆపి ఊపిరి పీల్చుకునేదాన్ని గనక, చదవడం అలవాటైంది. ఇరవైమూడు పేర్లు. అందులో ఒకే ఇంటిపేరు మూడుసార్లు వస్తుంది. ఒకరోజు పక్కింటి ముసలావిడ వచ్చి నా పక్కన నిలబడి, ఆ మూడింట్లో మధ్యదాన్ని వేలితో చూపించి, "మా అమ్మమ్మ తమ్ముడు" అంది. ముగ్గురూ అన్నదమ్ములేనట.

"వీళ్ళ సమాధులు ఏవండీ?" అని అడిగాను. ఇక్కడ లేవంది. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళ శవాలను ఇంటికి తేకూడదని బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయించిందట. దొరగారి కొడుకైనా సరే, పాలేరు కొడుకైనా సరే, ఎక్కడ పడితే అక్కడే మట్టి. డబ్బున్నవాళ్ళకొక న్యాయం, లేనివాళ్ళకొక న్యాయం కాకూడదని కూడా ఆ నిర్ణయం చేశారు. సమాధి చూసుకోవడానికి ఫ్రాన్సు దాకా వెళ్ళే స్తోమతు ఎంతమంది తల్లులకుంటుంది? అందుకే ప్రతి ఊరూ చందాలు వేసుకుని తన రాయి తను నిలబెట్టుకుంది. తల్లులకు పువ్వులు పెట్టుకోవడానికి ఒక చోటు కావాలి గదా! వాళ్ళ అమ్మమ్మ ఆ సిలువ దగ్గరికి వచ్చినప్పుడల్లా తమ్ముడి పేరు మీద చెయ్యి పెట్టి నిలబడేదట.

ఇంగ్లండు మొత్తం మీద ఆ మొదటి యుద్ధానికి వెళ్ళినవాళ్ళంతా ప్రాణాలతో తిరిగొచ్చిన పల్లెలు యాభై పైచిలుకు మాత్రమేనని తర్వాత తెలిసింది. వాటిని 'కృతజ్ఞత గల పల్లెలు' అంటారట. మిగిలిన వేలాది పల్లెలన్నిట్లోనూ ఏదో ఒక రాయి.

ఆవిడ మాట్లాడి మాట్లాడి, "మీ ఊళ్ళో ఇలాంటిది ఉందా?" అని అడిగింది. "లేదండీ, మా ఊళ్ళో చార్మినార్ ఉంది" అన్నాను. ఆ జవాబుకి నాకే సిగ్గేసింది. అడిగిందేమిటి, చెప్పిందేమిటి!

తిరిగొచ్చాక ఒకరోజు మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళుతున్నాను. మలక్‌పేట దాటింది, న్యూ మార్కెట్ దాటింది, తర్వాతి స్టేషన్ మూసారాంబాగ్ అని ఆ అమ్మాయి గొంతు ప్రకటించింది. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల, "ఆంటీ, మూసారాం అంటే ఎవరు?" అంది. దిల్‌సుఖ్‌నగర్ దిల్‌సుఖ్‌రాం అనే ఆయన పొలాల్లో వెలిసిందంటారు. ఎల్.బి. నగర్ లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు. ఇంకాస్త ముందుకి పోతే విక్టోరియా మెమోరియల్ అని స్టేషనే ఉంది, రాణీగారి జ్ఞాపకార్థం పెట్టిన అనాథాశ్రమం పేరు మీద. ఇవన్నీ గడగడా చెప్పగలను. మూసారాం దగ్గర నోరు మూతపడింది. ఎవరో మహారాష్ట్రపు షావుకారేమో అనుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపేశాను.

షావుకారు కాదండి, ఫ్రెంచివాడు!

పూర్తి పేరు మిషెల్ జోకిం మారీ రేమండ్. ఫ్రాన్సుకి దక్షిణాన గాస్కనీ సీమలో 1755లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1775లో, వర్తకం చేసుకుందామని పాండిచ్చేరిలో దిగాడు. వర్తకం ఏమైందో గానీ కత్తి పట్టుకున్నాడు. మొదట మైసూరువాళ్ళ కొలువు, తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ కింద. ఆ తర్వాత 1786 ప్రాంతంలో మన రెండో నిజాం అలీఖాన్ దగ్గర చేరాడు. చేరినప్పుడు ఆయన వెంట ఉన్నది మూడు వందల మంది. వాళ్ళ చేతుల్లో తుపాకులు కూడా సొంతం కావట, నెలకి తుపాకికి ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చినవని చెబుతారు. మనం పెళ్ళికి గుండిగలూ గంగాళాలూ అద్దెకు తెచ్చుకున్నట్టన్నమాట! ఆ అద్దె తుపాకుల మనిషే పది పన్నెండేళ్ళు తిరిగేసరికి పదివేలకు పైబడ్డ సైన్యానికి అధిపతి అయ్యాడు. మనం బస్సు దిగే గన్‌ఫౌండ్రీ ఉందే, అదీ ఆయన అజమాయిషీలో ఫిరంగులు పోసిన చోటే. తోప్ కా సాంచా అనేవారు. ఫతే మైదానం దగ్గర ఆ గోడల ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

ఫ్రెంచివాళ్ళు ఆయన్ని 'మొస్యూ రేమోఁ' అని పిలుస్తారు. మొస్యూ అంటే అయ్యగారు. ఆ ముక్కుతో పలికే మాట మన సిపాయిల నోట్లో పడింది. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఒకే మనిషిని ఎవరి దేవుడి పేరుతో వాళ్ళు పిలుచుకున్నారు. ఎవరూ పోట్లాడుకోలేదు. ఎవరో కమిటీ వేసి పెట్టిన పేరు కాదు గనక ఇన్నాళ్ళు నిలిచిందేమో!

ఇంత పెద్దవాడు కావడానికి కారణం ఒక ఓటమి. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం జరిగింది. సాయం చేస్తారనుకున్న ఇంగ్లీషువాళ్ళు మాకేం సంబంధం అని చేతులు ముడుచుకు కూర్చున్నారు. నిజాం ఓడిపోయాడు. రేమండ్ పటాలాలు మాత్రం గట్టిగానే నిలబడ్డాయి. కోపం వచ్చిన నిజాం ఇంగ్లీషు పటాలాలను పంపేసి రేమండ్ బలాన్ని పెంచాడు.

ఈ ఖర్దా ఓటమికి కొందరు చరిత్రకారులు రాసిన కారణం చదివితే మీకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. నిజాం తన జనానాను కూడా యుద్ధానికి వెంటబెట్టుకు వెళ్ళాడు. ఫిరంగుల చప్పుడుకి బేగంగారు హడలిపోయి, తక్షణం కోటలోకి వెనక్కి తగ్గకపోతే పరదా వదిలి బయటికి వచ్చేస్తానని బెదిరించిందట. అందుకని నవాబుగారు వెనక్కి తగ్గారట, అందుకని ఓడిపోయారట. బావుంది గదూ! గెలిస్తే సేనాపతి ప్రతాపం, ఓడితే ఇంట్లో ఆడవాళ్ళ గోల. మా ఇంట్లో మిక్సీ పాడైనా ఇదే పద్ధతి.

అదే యుద్ధంలో ఇంకో రకం ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ సంగతి చదివాక నాకు రెండు రోజులు వేరే ధ్యాస లేదు. నిజాం అలీఖాన్ దగ్గర ఆడ సిపాయిల పటాలాలు రెండుండేవి. ఒక్కొక్క దానిలో వెయ్యేసి మంది. జఫర్ పల్టన్ అని పేరు, అంటే విజయ దళం. అందులో సిపాయిని గార్దునీ అనేవారు. 'గార్డు' అనే మాటకి మనవాళ్ళు ఆడతనం తగిలించారన్నమాట. అంతఃపురం కాపలా వీళ్ళది. రాణివాసం ఎక్కడికి కదిలితే అక్కడికి వీళ్ళూ కదలాలి. పాతకాలపు కుంపిణీ సిపాయిల్లాంటి దుస్తులు వేసుకుని, భుజాన తుపాకి పెట్టుకుని, ఫ్రెంచి పద్ధతిలో కవాతు చేసేవారు. జీతం నెలకి అయిదు రూపాయలు. ఒక పటాలానికి మామా బరన్, రెండోదానికి మామా చంప అనే స్త్రీలు నాయకులు. ఖర్దాలో ఈ రెండు పటాలాలూ ఉన్నాయి. అక్కడ మిగతా సైన్యం కంటే వీళ్ళేమీ తీసిపోలేదని ఆ రోజుల్లోనే ఒక ఇంగ్లీషు అధికారి రాసిపెట్టాడు. మెచ్చుకున్నాడో ఎద్దేవా చేశాడో ఆయనకే తెలియాలి. రాసిపెట్టినందుకు మాత్రం ఆయనకి రుణపడ్డాం.

రెండు వేల మంది! పొద్దున వంటా వార్పూ ఎవరు చూసుకునేవారో, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలేవారో! ఆ అయిదు రూపాయలు ఏ ఇంటి గాదెలోకి ధాన్యంగా వెళ్ళాయో! నాయకురాళ్ళవి రెండు పేర్లు మిగిలాయి. మిగతావాళ్ళకి ఎక్కడా ఒక రాయి లేదు, రాతి మీద ఒక అక్షరం లేదు. ఇంగ్లండు పల్లెలో పాలేరు కొడుకు పేరు అక్షరక్రమంలో దొరబాబు పేరు పక్కన చేరిందే, ఆ పీఠం గుర్తొచ్చింది నాకు.

రేమండ్ విషయానికొస్తాను. 1798 మార్చి 25న ఆయన హఠాత్తుగా పోయాడు. నిండా నలభైమూడేళ్ళు లేవు. విషం పెట్టారని కొందరు, తనే తీసుకున్నాడని కొందరు అనుకున్నారు. అనుకోవడమే గానీ రుజువేమీ లేదు. ఆయన పోయిన రెండు నెలలకి కలకత్తాలో వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా దిగాడు. ఆ వేసవిలోనే నెపోలియన్ ఈజిప్టు మీద పడ్డాడు. ఇక ఇంగ్లీషువాళ్ళకి నిద్రపడుతుందా? ఇక్కడ మూసీ ఒడ్డున ఫ్రెంచి విప్లవపు మూడురంగుల జెండా ఎగరేసుకుని పదివేల పైచిలుకు సైన్యం, అటు శ్రీరంగపట్టణంలో టిప్పు. సెప్టెంబరు 1న నిజాంతో ఒప్పందం రాయించుకున్నారు. ఫ్రెంచి పటాలాలు రద్దు. వాటి బదులు కుంపిణీ పటాలాలు ఆరు. ఖర్చు ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలు, నిజాం ఖజానా నుంచే.

మీలో కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదువుకున్నవాళ్ళుంటే ఆ పెద్ద మెట్లూ, రాతి సింహాలూ గుర్తుండే ఉంటాయి. ఆ భవనం కట్టించిన కిర్క్‌పాట్రిక్ దొరే ఈ వ్యవహారం నడిపించింది. మన హైదరాబాదు ఆడపిల్ల ఖైరున్నిసాను పెళ్ళాడినాయన. భవనం ఇంకా లేవలేదప్పటికి, 1803 ప్రాంతంలో మొదలైంది. ఏరుకి అటు ఒడ్డున రెసిడెన్సీ, ఇటు ఒడ్డున ఫ్రెంచి దండు. రేమండ్ స్థానంలోకి వచ్చిన పీరన్‌కి ఆ పట్టు లేదు. సిపాయిలకి జీతాలు బాకీ పడ్డాయి. దండు రద్దవుతుందని తెలిసేసరికి మా బాకీ మాటేమిటని సిపాయిలు తిరగబడి తమ అధికారులనే నిర్బంధించారు. కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడుగా ఉన్న మాల్కం అనే కుర్రవాడు సర్దిచెప్పడానికి వెళితే అతన్నీ చుట్టుముట్టారు. గుంపులో ఎప్పుడో అతని కింద పనిచేసిన పాత సిపాయిలుండి అడ్డుపడబట్టి బతికాడు. 1798 అక్టోబరు 22న ఇంగ్లీషు సైన్యం దండుని చుట్టుముట్టి ఫిరంగులు గురిపెట్టింది. సిపాయిలు ఆయుధాలు కింద పెట్టేశారు. రక్తం చిందకుండా సాయంత్రానికల్లా అయిపోయింది. మరుసటేడు మే నెలలో టిప్పు కూలాడు. అక్కణ్ణించి నూటయాభై ఏళ్ళ కథ మీకు తెలిసిందే.

ఆ దండంతా ఏమైందో, ఎవరెవరు ఏ ఊళ్ళకి పోయారో, మిగిలింది మాత్రం గుట్ట మీద ఒక సమాధి.

నిరుడు మార్చిలో మావారిని బతిమాలి బయల్దేరదీశాను. మోకాళ్ళ నొప్పులాయన, నడవనన్నారు. ఆటో మాట్లాడాం. "రేమండ్ సమాధి దగ్గరికి బాబూ" అన్నాను. అతను వెనక్కి తిరిగి, "రేమండ్ అంటే సూటుబట్టలదే గదమ్మా? అది దిల్‌సుఖ్‌నగర్ దిక్కు ఉండాలె" అన్నాడు. మావారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆస్మాన్‌గఢ్ దగ్గర గుట్ట అని చెబితే, "ముందే గట్ల చెప్పొద్దా" అని తీసుకెళ్ళాడు.

ఆస్మాన్‌గఢ్ అంటే ఆస్మాన్ జా కట్టించిన కోట లాంటి మేడ. ఇదొచ్చిన తొంభై ఏళ్ళకి అది వచ్చింది. ఒకప్పుడు ఈ గుట్ట మీంచి చూస్తే చుట్టూ తోటలూ పొలాలూ కనిపించేవట. ఇప్పుడు నీళ్ళ ట్యాంకులూ, ఆరేసిన చీరలూ, మెట్రో వంతెనా కనిపిస్తాయి.

పైన విశాలమైన అరుగు. దాని మీద నల్లరాతి స్తంభం ఇరవైమూడడుగుల ఎత్తున పైకి సన్నబడుతూ పోతుంది. పక్కన స్తంభాల మంటపం, గ్రీకుల గుడిలా ఉంటుంది. పాతది 2001లో వానలకి కూలిపోతే తర్వాత పురావస్తు శాఖవాళ్ళు మళ్ళీ నిలబెట్టారు. నల్లస్తంభం చుట్టూ తిరిగి పేరు కోసం వెతికాను. పుట్టిన ఊరు, పదవులు, గెలిచిన యుద్ధాలు ఏమైనా రాసి ఉంటాయనుకున్నాను. ఉన్నవి రెండే అక్షరాలు, జె ఆర్. జోకిం రేమండ్. అంతే.

1940 ప్రాంతాల దాకా ఆయన వర్ధంతి రోజున నిజాం కొలువువాళ్ళు ఇక్కడికి వచ్చి అగరొత్తులు వెలిగించి వెళ్ళేవారట. ఆయన పోయి నూటనలభై ఏళ్ళయినా! చూసినవాళ్ళెవరూ లేరు, చుట్టమూ పక్కమూ ఇక్కడెవరూ లేరు. రాజుల సమాధులకి ఖర్చు పెట్టేవాళ్ళుంటారు. ఒక పరాయి దేశం జీతగాడికి నాలుగు తరాల పాటు దీపం పెట్టారంటే ఆ మనిషిలో ఏదో ఉండే ఉంటుంది. సిపాయిల జీతం వేళకి ఇప్పించేవాడేమో అని నా ఊహ. ఆయన పోయిన ఏడు నెలలకే బాకీల కోసం తిరుగుబాటు వచ్చింది గదా!

మన హైదరాబాదు సిపాయిలకి పేరు లేకపోయినా ఒక బొమ్మ మాత్రం ఢిల్లీలో ఉంది. తీన్‌మూర్తి కూడలిలో మూడు కంచు విగ్రహాలున్నాయే, అందులో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. మిగతావి మైసూరు, జోధ్‌పూర్. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా వైపు వెళ్ళిన గుర్రపు దళాల గుర్తుగా 1922లో పెట్టారు. ఢిల్లీ వెళ్ళినప్పుడల్లా నెహ్రూగారి ఇల్లు చూద్దామని ఆ పక్కనుంచే పోయాను. విగ్రహం మొహం చూసిన గుర్తే లేదు.

మంటపం అరుగు మీద కూర్చున్నాం. కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. స్తంభానికి తగిలితే నాలుగు, దాటితే ఆరు. బంతి నా కాళ్ళ దగ్గరికి దొర్లుకొచ్చింది. తీసుకోవడానికొచ్చిన పిల్లవాడిని అడిగాను, ఇదెవరిదో తెలుసా అని. "మూసారాం గుడి ఆంటీ. లోపట దేవుడు లేడు" అన్నాడు. ఫ్రెంచాయన కథ క్లుప్తంగా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "గెలిచిండా?" అన్నాడు. ఒక పెద్ద యుద్ధంలో ఓడిపోయారని చెప్పాను. ఆడవాళ్ళ పటాలం సంగతి కూడా చెప్పాను. దానికి మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని, "తుపాకులతోటి?" అని, అటు తిరిగి, బౌలింగు వేస్తున్న పిల్లతో, "ఏయ్, ఆడోళ్ళ మిలిటరీ ఉండెనంట ఈడ!" అని కేకేశాడు. ఆ పిల్ల చెయ్యి చాపి బంతి ఇటు వెయ్యమంది.

ఇంటికొచ్చి ఆ నల్లస్తంభం ఫోటో అమ్మాయికి పంపాను, పక్కింటి ముసలావిడకి చూపించమని. రెండు రోజులకి జవాబొచ్చింది. చాలా బావుందందట. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ మళ్ళీ చూసి, "మిగతా పేర్లు వెనకవైపున్నాయా?" అని అడిగిందట.

ఏం చెప్పమంటావమ్మా అని మా అమ్మాయి ఫోను. గార్దునీల గురించి నాకు తెలిసినదంతా చెప్పి, వెయ్యేసి మంది, అయిదేసి రూపాయలు, మామా బరన్, మామా చంప, ఇంతవరకూ ఆవిడకి వివరంగా చెప్పమన్నాను.

వచ్చే మార్చి 25న మళ్ళీ వెళ్దామని మావారితో అన్నాను. పేపరు మడిచి, "అగరొత్తులు నువ్వు తెచ్చుకో, ఆటో నేను మాట్లాడతాను. ఈసారి సూట్ల దుకాణానికి పోనివ్వను" అన్నారు. ఎన్ని పొట్లాలు అని అడిగారు. మూడు చాలన్నాను, మూసారాంకి ఒకటి, ఆ ఇద్దరు మామలకీ చెరొకటి.